హ్యారీ తర్వాత గెడ్డా, తారనా: ఎదిగే పిల్లలకి ఏ కథ మేలు?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగిళ్ళలోంచి మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న ఒకటే: "మా గుంటడు హ్యారీ పాటర్ ఏడూ చదివేసేడు. ఇప్పుడేం ఇమ్మంటారు?" బడిలో ఒడియా, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు నడిచే పిల్లలు వీళ్ళు. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా, దాని మీద ఇంట్లో సాగే మాట తెలుగే. మంత్రాలూ రాక్షసులూ ఎందులో ఎక్కువన్నది పక్కన పెట్టి హ్యారీ పాటర్, ఎర్త్‌సీ, ప్రిడైన్ కథల్లో ఒక్క సంగతే చూద్దాం: కథలోని కుర్రాడికి మంచితనం ఎక్కణ్ణుంచి వచ్చింది, అందుకు అతనేం చెల్లించుకున్నాడు?

హ్యారీకి (1997–2007) తెగువ, జాలి మొదటి పుస్తకంలోనే ఉన్నాయి. అతను తర్వాత సంపాదించుకున్నది నిగ్రహం. ఐదో పుస్తకంలో మనసును మూసుకునే విద్య నేర్చుకోమని పెద్దలు ఎంత చెప్పినా అశ్రద్ధ చేస్తాడు. శత్రువు చూపించిన అబద్ధపు దృశ్యం నమ్మి పరుగెత్తుతాడు. ఆ తొందర తండ్రిలాంటి సిరియస్ ప్రాణం తీస్తుంది. ఏడో పుస్తకంలో తనని కాపాడి చనిపోయిన చిట్టి సేవకుడు డాబీకి మంత్రదండం వాడకుండా పారతో గొయ్యి తవ్వుతాడు. తవ్వుతూనే అన్నిటికన్నా బలమైన మహాదండం కోసం పరుగు మానేసి, అసలు పని ఏదో తేల్చుకుంటాడు. ఏడు పుస్తకాల్లోకీ అతను పెద్దవాడైన ఘడియ ఇదే. చిక్కేమిటంటే యుద్ధానికి ముందు వచ్చే ఈ నెమ్మదైన పేజీలను పిల్లలు గబగబా దాటేస్తారు. ఇంకో లోటు కూడా ఉంది. మంచి పని చేసిన వెంటనే బడిలో మార్కులు పడిపోతాయి, తోటి విద్యార్థి నెవిల్ స్నేహితులకు ఎదురు నిలబడితే పది పాయింట్లు వచ్చినట్టు. నిజానికి ఏడు పుస్తకాల్లోనూ ఎక్కువగా ఎదిగింది ఆ నెవిలే. పిల్లలతో మాట్లాడేటప్పుడు హ్యారీ గురించి కన్నా అతని గురించి అడగండి.

ఉర్సులా లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ మొదటి పుస్తకం 1968లో వచ్చింది. మేకలు కాసుకునే గెడ్‌కి విద్య పుట్టుకతోనే ఉంది, గర్వం దానికి రెట్టింపు ఉంది. రోక్ దీవి మంత్రాల బడిలో తోటి విద్యార్థి జాస్పర్ మీద పంతంతో చచ్చిపోయినవాళ్ళ ఆత్మను పిలుస్తాడు. దానితోపాటు ఒక నీడ బయటికొచ్చి అతని ముఖం చీరేస్తుంది. ఆ చీలికను మూయడానికి పెద్ద గురువు తన శక్తంతా ధారపోసి ప్రాణం విడుస్తాడు. ఈ తప్పుకి దిద్దుబాటు లేదు, ముఖం మీది మచ్చలూ పోవు. గెడ్ ముందు పారిపోతాడు, తర్వాత తన మొదటి గురువు ఓగియన్ మాట విని వెనక్కి తిరిగి తనే నీడను తరుముతాడు. చివరికి దాన్ని తన పేరుతోనే పిలుస్తాడు. తన చెడు తనదేనని ఒప్పుకోవడం ఇంత సూటిగా చెప్పిన పిల్లల పుస్తకం అరుదు. ఆ లోకంలో అసలు పేరు ఎవరికి పడితే వాళ్ళకి చెప్పకూడదన్న కట్టుబాటు మన పిల్లలకి తేలిగ్గా అందుతుంది. జన్మనామం వేరు, పిలిచే పేరు వేరు అన్నది మన ఇళ్ళలో ఉన్నదే. గెడ్ ఒంటి రంగు రాగిగోధుమ అని ముందే చెప్పండి, అట్టల మీద తెల్లగా వేసిన ముద్రణలున్నాయి.

అయితే పదకొండేళ్ళ లోపు వాళ్ళు దీన్ని సగంలో వదిలేస్తారు. సంభాషణలు తక్కువ, నవ్వు దాదాపు లేదు. రెండో పుస్తకం టెనార్ అనే అమ్మాయిది, అందులో గెడ్ చాలాసేపటికి గాని కనబడడు. మూడోదాంట్లో ఎదిగే కుర్రాడు ఆరెన్. కాబట్టి గెడ్ ఎదుగుదల కోసమైతే మొదటి పుస్తకంలోని పది అధ్యాయాలే లెక్క.

నేను ముందు పెట్టేది లాయిడ్ అలెగ్జాండర్ రాసిన ప్రిడైన్ కథల్ని. 1964 నుంచి 1968 దాకా ఏడాదికొకటి చొప్పున అయిదు పుస్తకాలు, చివరిదానికి 1969లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం. నాయకుడు తారన్ పందుల కాపరికి సహాయకుడు. మొదటి పేజీలోనే కత్తి చేస్తానని మారాం చేస్తాడు, పెద్దాయన కోల్ గుర్రపు లాడాలే చేయిస్తాడు. ఆ కత్తి చేసే రోజు నాలుగో పుస్తకంలో వస్తుంది. అప్పటికి అతనికి తనెవరి కొడుకో తెలుసుకోవాలన్న పట్టుదల. పెద్దింటి బిడ్డనని తేలితే రాజకుమారి ఐలాన్వీని పెళ్ళాడమని అడగొచ్చని ఆశ.

మన వైపు పిల్లలకి ఈ ప్రశ్న ఎంత దగ్గరో వేరే చెప్పాలా? కొత్తవాళ్ళింటికి వెళ్తే మంచినీళ్ళ గ్లాసు వెనకే "మీరేమిట్లు?" అని కులం అడిగే మాట వచ్చేస్తుంది. హ్యారీ నుదుటి మచ్చలో పసినాటి కథ రాసి ఉంది. తారన్ వెతికి వెతికి ఏమీ దొరక్క పనివాళ్ళ ఊళ్ళు చేరుకుంటాడు. ముందు కమ్మరి దగ్గర. మొదటి కత్తిని దెబ్బవేసి చూస్తే ముక్కలవుతుంది. మళ్ళీ చేసింది నిలుస్తుంది. తర్వాత నేతపని చేసే ముసలమ్మ దగ్గర. ఉన్ని దువ్వడం, వడకడం, అద్దకం అన్నీ అయ్యాక మగ్గం ఎక్కుతాడు. సగం నేశాక నమూనా నచ్చదు. ఇక రెండే దారులు: నచ్చని గుడ్డ పూర్తి చేయడం, లేదా ఊడదీసి మళ్ళీ మొదలుపెట్టడం. ఊడదీస్తాడు. బరంపురంలో పట్టు నేసే దేరా ఇళ్ళు చూసిన పిల్లలకి ఇది చదివించేముందు పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డదారం), నాడె (పేకను నడిపేది) అన్న మాటలు చెప్పి ఉంచండి. పడుగు ఒకసారి ఎక్కించాక మధ్యలో మార్చడం కుదరదని తెలిస్తేనే ఆ ఊడదీయడం ఎంత బరువో అర్థమవుతుంది. చివర కుమ్మరి. ఆ పని మీద మనసు పడతాడు, అందరికన్నా ఎక్కువ శ్రమిస్తాడు, అయినా చేతికి ఆ వరం లేదని గ్రహిస్తాడు. ఇష్టపడితే వచ్చి తీరుతుందని చెప్పే కథలు బోలెడు. రాకపోయినా మనిషి చిన్నవాడైపోడని చెప్పేవి తక్కువ.

వీటికి ముందు, అదే నాలుగో పుస్తకం 13 నుంచి 15 అధ్యాయాల్లో, క్రాడక్ అనే కుంటి గొర్రెలకాపరి నువ్వు నా కొడుకువే అంటాడు. తారన్‌కి ఆశ కూలిపోతుంది, అయినా ఉండిపోయి చాకిరీ చేస్తాడు. చలికాలంలో ముసలాయన లోయలో పడినప్పుడు, వదిలేస్తే తనకి విడుదల కదా అన్న తలపు తారన్ మనసులో మెరుస్తుంది. ఆ తలపుకి అతనే వణికిపోతాడు. దిగుతాడు, సాయాన్ని పిలిచే, ఒక్కసారే పనికొచ్చే మంత్రపు కొమ్ముబూరను అక్కడ ఊదేస్తాడు. నా లెక్కలో మూడు కథల్లోనూ తూకం తేల్చేది ఈ చోటే. చెడు తలపు రావడం, దాన్ని దాచకుండా చెప్పడం, తలపు వచ్చాక కూడా సరైన పని చేయడం, మూడూ ఒకే పేజీలో ఉన్నాయి. పిల్లలు "తారన్ చెడ్డవాడా?" అని అడిగితే వెంటనే సర్దిచెప్పకండి, ఒక రాత్రి ఆ ప్రశ్నను అలాగే ఉండనివ్వండి.

సి.ఎస్. లూయిస్ నార్నియా కథల్లో ఎడ్మండ్, యూస్టస్ అనే కుర్రాళ్ళు మారతారు, కానీ మార్పు అస్లన్ అనే సింహం చేతిలో ఉంటుంది. పెర్సీ జాక్సన్ సరదాగా సాగుతుంది, సెలవులకి చాలు.

తొమ్మిదేళ్ళకి ప్రిడైన్, పన్నెండుకి గెడ్. రాత్రికి రెండు అధ్యాయాలు పెద్దవాళ్ళు పైకి చదివితే నాలుగో పుస్తకంలోని 21 అధ్యాయాలు పదకొండు రాత్రుల్లో అవుతాయి. ప్రిడైన్‌లోని వెల్ష్ (వేల్స్ దేశపు) పేర్ల దగ్గర పిల్లలు మొదటి వారంలోనే ఆగిపోతారు. అట్ట లోపల తెలుగులో రాసి అంటించండి: తారన్, ఐలాన్వీ, గ్విడియన్. నేరుగా నాలుగోది ఇవ్వొద్దు, మొదటి రెండింట్లోని దుడుకు కుర్రాణ్ణి చూడకపోతే మార్పు కనబడదు. మూడోది కాస్త తేలిక కాబట్టి దాటేద్దామనిపిస్తుంది. అందులో తారన్ తెలివితక్కువ రాజకుమారుడు రూన్‌ని కాపాడతానని మాటిస్తాడు. అయిదోదాంట్లో రూన్ చనిపోతే, అతను సగంలో వదిలిన సముద్రపు గోడ తారన్ తీర్చాల్సిన బాకీల్లో చేరుతుంది. సముద్రం మింగిన గంజాం తీరపు పల్లె పొడంపేట సంగతి విన్న గంజాం పిల్లలకి ఆ గోడ ఎందుకో విడమర్చి చెప్పక్కర్లేదు.