నాలుగో డౌన్: ఆడాలా, తన్నేయాలా?
అమెరికన్ ఫుట్‌బాల్‌లో పది గజాలు ముందుకెళ్లడానికి జట్టుకి నాలుగు ఛాన్సులు, వాటినే డౌన్లు అంటారు. నాలుగో డౌన్, ఇంకో గజం చాలు, అలాంటప్పుడు బంతి తన్నేసి ఇచ్చేయడం నాకు అస్సలు నచ్చదు. పంట్ చేస్తే, అంటే బంతిని దూరంగా తన్నేస్తే, అవతలి జట్టు దాదాపు 40 గజాలు వెనక్కి పోతుంది, నిజమే, కానీ బంతి వాళ్లదే కదా. ఆడి సాధిస్తే కొత్తగా నాలుగు ఛాన్సులు, పోతే అక్కడి నుంచే వాళ్ల దాడి మొదలు. 2018 సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్‌లో) ఫిలడెల్ఫియా ఈగల్స్ గోల్ లైన్‌కి ఒక్క గజం దూరంలో మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నడం) వద్దనుకుని, మామూలుగా బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్‌కే బంతి విసిరి టచ్‌డౌన్ కొట్టారు, అంటే బంతిని గోల్ లైన్ దాటించారు, 41-33తో గెలిచారు. 2009లో ఇండియానాపొలిస్‌లో న్యూ ఇంగ్లాండ్ పేట్రియాట్స్ సొంత 28 గజాల గీత దగ్గర రెండు గజాల కోసం ఆడి, అందక, 35-34తో ఓడిపోయారు. అయినా అది తప్పని నేననను, తన్నినా బంతి వెళ్లేది ఇండియానాపొలిస్ స్టార్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ చేతికే, అదే అసలు టెన్షన్. ఏడెనిమిది గజాలు కావాలి, అదీ సొంత గోల్ దగ్గర అంటే మాత్రం తన్నేయడమే మేలు.