బండి ఆగిన రోజుకు బత్తా: నేను తోలుతున్న ట్రాన్స్‌పోర్ట్ గురించి

హెవీ లైసెన్సు చేతికొచ్చిన కుర్రాళ్లు అడిగేవి రెండే: జీతం ఎంత, బండి కొత్తదా పాతదా. ఈమధ్య ఏసీ ఉందా అన్నది కూడా తోడైంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు కాబట్టి అడగడంలో తప్పులేదు. కానీ బండి ఆగిన రోజుకు ఎంత ఇస్తారని ఒక్కరూ అడగరు. విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న ఈ ట్రాన్స్‌పోర్ట్‌లో నేను రెండేళ్లు దాటినా మారకుండా ఉన్నానంటే ఆగిన రోజు తిండి ఖర్చుకిచ్చే ఆ హాల్టింగ్ బత్తా వల్లే. పేరు రాయను, రాస్తే ఆఫీసులో నా పని పడతారు.

అంతకుముందు తోలింది ఒక సొంత ఓనరు బండి. మనిషి మంచివాడే, పండక్కి బట్టలు పెట్టేవాడు. చక్రం తిరిగితేనే బత్తా అన్నది మాత్రం ఆయన పాలసీ. గోడౌన్ ముందు లైన్లో ఉన్నా, హమాలీలు రాకపోయినా, ఆ రోజు తిండి మన జేబులోంచే.

ఇక్కడ చేరిన మొదటి సీజన్‌లో జంగారెడ్డిగూడెం వైపు నుంచి మొక్కజొన్న లోడు తమిళనాడులోని నామక్కల్‌కు వేశారు. అక్కడంతా కోళ్ల ఫారాలు, మేత మిల్లులు. మిల్లులో బస్తాల్లోకి ఇనప గొట్టం గుచ్చి శాంపిల్ తీశారు. తేమ 14 శాతం లోపు ఉండాలట, మీటరు అంతకంటే ఎక్కువ చూపించింది. బండి పక్కన పెట్టమన్నారు. ఇక అక్కడి నుంచి అమ్మినవాడు, కొన్నవాడు, మధ్యలో బ్రోకరు, ముగ్గురూ ఫోన్లలో రేటు దగ్గర లాక్కోవడం. లోడు మీద మనం, పైన మబ్బు. లోడు మీద కప్పిన టార్పాలిన్ పట్టా తాళ్లు బిగించుకోవడం, క్యాబిన్ పక్కన స్టవ్ మీద అన్నం వండుకోవడం, వాచ్‌మన్‌ని బతిమాలి బోరు దగ్గర స్నానం చేయడం, ఇదే పని. నాకు తమిళం రాదు, అతనికి తెలుగు రాదు, అయినా రోజూ తిట్టుకునేవాళ్లం.

రెండో రోజు సాయంత్రం ఫోన్‌పే మోగింది. ఆఫీసు నుంచి హాల్టింగ్ బత్తా. నేను అడగలేదు, ఫోన్ కూడా చేయలేదు. మర్నాడూ అదే టైముకి వచ్చింది. ఈలోగా సరుకుని ఈరోడ్ వైపు ఇంకో మిల్లుకు తిప్పుదామన్న మాట వచ్చింది. నాకు టెన్షన్ పట్టుకుంది. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం, అదే ఈ-వే బిల్లు, 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పునే చెల్లుతుంది, గడువు దాటిన కాగితంతో రోడ్డెక్కితే పట్టుకునేది డ్రైవర్‌నే. ఫోన్ చేస్తే గుమస్తా "నువ్వు కంగారుపడకయ్యా, గడువు ఇందాకే పెంచాను, కాగితం వాట్సాప్‌లో చూసుకో" అన్నాడు. చివరికి రేటు తగ్గించుకుని మొదటి మిల్లే దించుకుంది. కాటాలో తూకం కాస్త తగ్గింది. మిల్లువాళ్లు తరుగు డ్రైవర్ మీద రాయబోతే, ఆఫీసువాళ్లు లోడింగ్ కాటా చీటీ, నేను రోజూ పంపిన పట్టా ఫోటోలు పెట్టి వాదించారు. ఆరిన గింజ బరువు తగ్గదా మరి! నా లెక్కలో రూపాయి కోయలేదు.

ఆ ట్రిప్ తర్వాత ఈ ఆఫీసు గురించి దొరికినవాడికల్లా చెప్పుకు తిరిగాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పలేను. మొదటి 24 గంటలు హాల్టింగ్ కింద లెక్కకు రావు. బండి వాళ్ల షెడ్డులోనే రిపేరుకు ఆగితే అసలు లేదు, క్లచ్ ప్లేటు కోసం ఎన్ని రోజులు కూర్చున్నా సరే. పైగా ఆగితే బత్తా ఇవ్వాలి కాబట్టి ఆగనివ్వరు. మంచి రిటర్న్ లోడు కోసం సేలంలో ఒక పూట చూద్దామంటే వినరు, దొరికింది ఎత్తుకుని వచ్చేయమంటారు. నిద్ర సంగతి ఎవరికీ పట్టదు.

లీటరుకు ఎక్కువ కిలోమీటర్లు తీస్తే ఇచ్చే డీజిల్ యావరేజ్ బోనస్ కూడా మొదట్లో తెగ నచ్చింది. తీరా అది వచ్చేది బండిని ముక్కుతూ మూలుగుతూ నడిపినవాళ్లకే. ఎండలో ఆగినప్పుడు ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టామా, బోనస్ పోయినట్టే. ధర్మపురి నుంచి సేలం దిగే తొప్పూరు ఘాట్‌లో న్యూట్రల్‌లో వదిలేస్తే డీజిల్ మిగులుతుందని ఒక సీనియర్ చెప్పాడు. దిగువన బోర్లాపడ్డ లారీలు చూశాక ఆ మిగులు మీద ఆశ పోయింది. నేను చిన్న గేరులోనే దిగుతాను, బోనస్ ఎలాగూ రాదు.

నాకు పెళ్లికాలేదు, ఇల్లు ఏలూరులో, నెల కిస్తీలు లేవు. అందుకే ఈ ఆఫీసు నాకు సరిపోయింది. ఇక్కడ పీఎఫ్ కట్టరు, ఈఎస్ఐ లేదు. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె ఉన్నవాళ్లయితే బత్తా తక్కువైనా అవి కట్టే పెద్ద కంపెనీ వైపు చూడటమే నయమేమో. ఎక్కడ చేరినా, ఆ ఆఫీసు డ్రైవర్లని ఆటోనగర్ టీ కొట్టు దగ్గర పట్టుకుని పోయిన నెల హాల్టింగ్ ఎప్పుడు వేశారో అడగండి, ఓనరును అడిగితే అందరూ ఇస్తామనే అంటారు. నేను మాత్రం సంక్రాంతి దాకా ఇక్కడే. ఆ తర్వాత ట్రైలర్ ఇస్తామన్నారు, ఇవ్వకపోతే అప్పుడు ఆలోచిస్తా.