ఓర్ ఫైండర్ ప్యాక్‌లు కొనకండి: మా ఇంట్లో 5,797 రూపాయలు పోయాయి

మైన్‌క్రాఫ్ట్ (బ్లాకులు తవ్వి, వస్తువులు చేసుకుంటూ ఆడే వీడియో గేమ్) ఆడే పిల్లలు ఇంట్లో ఉన్నవాళ్లు, కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. "ఐరన్, డైమండ్ ఎక్కడున్నాయో నేరుగా చూపించే ప్యాక్" అంటూ మెసేజింగ్ గ్రూపుల్లో, వీడియోల కింద కామెంట్లలో అమ్ముతున్నారు. ఐరన్, డైమండ్ లాంటివి ఉండే బ్లాకుల్నే ఆటలో ఓర్ అంటారు. మేం కొన్నాం. మూడు విడతల్లో 499, 299, 4,999 రూపాయలు పోయాయి. మొదటి రెండూ మేం చేతులారా ఇచ్చినవి. మూడోది ఎలా పోయిందో కింద వివరంగా రాస్తాను, అందరూ తెలుసుకోవాల్సింది అదే.

మా అక్కావాళ్లు తెనాలిలో ఉంటారు. వాళ్లబ్బాయి ఏడో తరగతి. సంక్రాంతి సెలవుల్లో అక్క ఫోన్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆడుతూ నాకు ఫోన్ చేశాడు. "మామయ్యా, రెండు రోజుల నుంచి తవ్వుతున్నా, ఐరన్ ఒక్కటి కూడా రావట్లేదు" అన్నాడు, ఏడుపు గొంతుతో. ఆ ఆటలో ఐరన్ దొరక్కపోతే అక్కడే ఆగిపోతాం. తవ్వే పనిముట్టు పికాక్స్. ముందు చెక్క పికాక్స్, దాని తర్వాత రాతి పికాక్స్, అక్కడి నుంచి ఐరన్ పికాక్స్. ఐరన్ పికాక్స్ లేకుండా బంగారం, రెడ్‌స్టోన్, డైమండ్ ఏవీ చేతికి రావు, కొడితే బ్లాక్ పగిలిపోతుంది తప్ప ఏమీ రాలదు. వాడి స్నేహితులంతా డైమండ్ దాకా వెళ్లిపోయారట, వీడు రాతి దగ్గరే ఉండిపోయాడు.

నేను కాలేజీ రోజుల్లో ఈ ఆట బాగా ఆడాను, 2020 తర్వాత మానేశాను. పాత లెక్కలు నాకు కంఠతా వచ్చు. ఐరన్ సముద్రమట్టం కింద ఎక్కడైనా ఉంటుంది, డైమండ్ కావాలంటే 11వ లెవెల్‌కి, అంటే ఆటలో ఎత్తు అంకె 11 ఉండే లోతుకి దిగాలి. వాడికీ అదే చెప్పాను. పని జరగలేదు. అప్పుడు వాడు తనున్న గ్రూపులో వచ్చిన ప్రకటన ఒకటి నాకు పంపాడు. "లేటెస్ట్ వెర్షన్ ఓర్ ఫైండర్, 100 శాతం గ్యారంటీ, 499 మాత్రమే." కింద నమూనాగా ఒక చార్ట్ పెట్టారు. ఐరన్ 0 నుంచి 63, బంగారం 32 కింద, డైమండ్ 11. నాకు గుర్తున్న అంకెలతో సరిగ్గా సరిపోయింది. ఆట తెలిసినవాళ్లే తయారుచేశారు అనుకుని నేనే డబ్బు పంపాను.

నేను తప్పు చేసింది అక్కడే. ఆ అంకెలు పాతవి. 2021 నవంబర్ 30న వచ్చిన 1.18 అప్‌డేట్‌తో ఆటలో భూమి లోపలి అమరికే మారిపోయింది. అంతకుముందు ప్రపంచం అడుగు 0 దగ్గర ఉండేది, ఇప్పుడు మైనస్ 64 దాకా ఉంది. ఓర్లన్నీ కొత్త ఎత్తుల్లోకి సర్దేశారు. ఇప్పటి చార్ట్ అయితే అందులో మైనస్ అంకెలు తప్పకుండా ఉండాలి. వాళ్లు పంపినదాంట్లో ఒక్కటి కూడా లేదు. "లేటెస్ట్" అని పైన రాసుకున్నారు, కింద పెట్టింది ఏళ్ల కిందటి కాగితం.

డబ్బు పంపిన అరగంటకి ఒక జిప్ ఫైల్ వచ్చింది. అందులో మూడున్నాయి. ఒకటి ఆ చార్టే, కొంచెం పెద్ద సైజులో. రెండోది రాళ్లు కనిపించకుండా చేసి ఓర్లు మాత్రమే చూపించే ఎక్స్‌రే టెక్స్చర్ ప్యాక్. ఇలాంటివి నెట్‌లో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మూడోది ఒక ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్, అసలు ఫైండర్ ఇదేనట. అది తెరవాలంటే "యాక్టివేషన్ కీ" కావాలన్నారు, దానికి ఇంకో 299. ఇంత ఇచ్చాక అదెందుకు ఆపాలి అనిపించి అదీ ఇచ్చాను.

ఏపీకే ఇన్‌స్టాల్ చేస్తుంటే మావాడు స్క్రీన్ ఫోటో తీసి పంపాడు, "మామయ్యా, అలో నొక్కనా?" అని. అందులో ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడుగుతోంది. ఆటలో రాళ్లు చూపించే యాప్‌కి ఎస్సెమ్మెస్‌లతో ఏం పని? అది అక్క ఫోన్. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. వెంటనే ఫోన్ చేసి ఆపించాను, యాప్ తీసేయించాను. వాడు నన్ను అడగకుండా నొక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది. మీ పిల్లలకి ఈ ఒక్క అలవాటైనా నేర్పండి, ఏ అనుమతి అడిగినా ముందు పెద్దవాళ్లకి చూపించమని.

ఎక్స్‌రే ప్యాక్ సంగతి కూడా చెప్పాలి. మావాడు దాన్ని స్నేహితులతో కలిసి ఆడే సర్వర్‌లో వాడాడు. మూడు రోజుల్లో బ్యాన్ చేశారు. సర్వర్ నడిపేవాళ్లకి ఇది పట్టుకోవడం కష్టం కాదు. మామూలుగా తవ్వేవాడి సొరంగం ఒక వరుసలో పోతుంది. ఎక్స్‌రే వాడేవాడిది ఒక ఓర్ నుంచి ఇంకో ఓర్‌కి రాతిలోంచి అడ్డదిడ్డంగా దూసుకుపోతుంది. పైగా చాలా సర్వర్లలో యాంటీ ఎక్స్‌రే ఉంటుంది, అది దాగి ఉన్న ఓర్లను కనిపించనివ్వదు, లేదా ఉత్తుత్తి ఓర్లు చూపిస్తుంది. అమ్మినవాళ్లు ఇదేమీ చెప్పలేదు. డబ్బు పోయినదానికన్నా, స్నేహితులందరూ ఆడుతుంటే తను బయట ఉండిపోయినందుకు వాడు ఎక్కువ బాధపడ్డాడు.

ఇక 4,999 సంగతి. నేను ఆ అమ్మినవాళ్లకి గట్టిగా మెసేజ్ పెట్టాను, డబ్బు వెనక్కి ఇవ్వకపోతే కంప్లైంట్ ఇస్తానని. చాలా మర్యాదగా సమాధానం వచ్చింది. "సారీ సార్, పూర్తి రీఫండ్ ఇస్తాం, ఫోన్ ఉన్నవాళ్ల నంబర్ ఇవ్వండి." ఇచ్చాను. మర్నాడు నేను ఆఫీసులో ఉండగా అక్కకి ఫోన్ చేశారు. తెలుగులోనే, అమ్మా అమ్మా అంటూ మాట్లాడారట. ఒక క్యూఆర్ కోడ్ పంపి, "ఇది స్కాన్ చేసి పిన్ కొట్టండమ్మా, మీ 798 రూపాయలు ఖాతాలో పడతాయి, 4,999 అని కనిపిస్తుంది, అది మా రిఫరెన్స్ నంబర్" అన్నారు. అక్క వంటింట్లో ఉంది, ఒక చేత్తో గరిట, ఒక చేత్తో ఫోన్. స్కాన్ చేసింది, పిన్ కొట్టింది. డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చేసరికి అవతల ఫోన్ పెట్టేశారు.

యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు. స్కాన్ చేయాల్సిన అవసరమూ లేదు. పిన్ కొట్టమన్నారంటే డబ్బు మన ఖాతా నుంచి బయటికి వెళ్తోందని అర్థం. మా అక్క చదువుకున్న మనిషి, రోజూ కూరగాయల దగ్గర్నుంచి అన్నీ యూపీఐతోనే కొంటుంది. రీఫండ్ అన్న మాట వినగానే ఆ ఒక్క క్షణం అది తట్టలేదు. ఆమెని ఎవరూ ఏమీ అనకూడదు, నంబర్ ఇచ్చింది నేను.

వెంటనే 1930కి ఫోన్ చేశాం. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ, అందుకే ముందు అమ్మినవాడితో వాదనలు పెట్టుకోకుండా ఫోన్ చేయండి. లావాదేవీ నంబర్, సమయం, మన ఖాతా వివరాలు అడుగుతారు, దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాం, బ్యాంకులోనూ రాసిచ్చాం. చాట్ మొత్తం, ప్రకటన, క్యూఆర్ కోడ్ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టాను. మంచిపనే అయింది, సాయంత్రానికి వాళ్లవైపు మెసేజ్‌లన్నీ డిలీట్ అయిపోయాయి.

ఆ ఆదివారం నేను తెనాలి వెళ్లి మావాడి పక్కన కూర్చున్నాను. అసలు వాడికి ఐరన్ ఎందుకు దొరకలేదో చూద్దామని. ముందు ఆ ప్రపంచం సెట్టింగ్స్‌లోకి వెళ్లి "షో కోఆర్డినేట్స్" ఆన్ చేశాం. స్క్రీన్ పైన ఎడమవైపు మూడు అంకెలు వచ్చాయి. నడిమిది వై, అంటే మనం ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పేది. కంప్యూటర్‌లో జావా ఎడిషన్ ఆడేవాళ్లకి ఎఫ్ 3 నొక్కితే వస్తుంది. మావాడి సొరంగం మొత్తం 58 దగ్గర ఉంది. ఇంటి కింద నాలుగు మెట్లు దిగి అడ్డంగా రెండు రోజులు తవ్వాడు. ఆ ఎత్తులో బొగ్గు, రాగి బాగానే వస్తాయి, ఐరన్ మాత్రం అక్కడొకటి అక్కడొకటి. పాత చార్ట్ ప్రకారం 58 కూడా ఐరన్ చోటే కదా, అందుకే వాడు అక్కడి నుంచి కదల్లేదు.

ఇంకో విషయం చూశాను, నాకు మనసు చివుక్కుమంది. గోడలో లేత గోధుమరంగు, గులాబీ కలిసిన చుక్కలున్న బ్లాక్ ఒకటి కనిపించింది. అది ఐరనే. మావాడు దాని మీద వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాడు, బీటలు పడ్డాయి, బ్లాక్ పగిలింది, కింద ఏమీ పడలేదు. "ఇలాంటివి చాలా పగలగొట్టా మామయ్యా, ఇవి వట్టివి" అన్నాడు. వాడి చేతిలో ఉన్నది చెక్క పికాక్స్. రాతిది అరిగిపోతుందని పెట్టెలో దాచుకున్నాడట! ఐరన్‌కి కనీసం రాతి పికాక్స్ ఉండాలి, చెక్కదానితో కొడితే ఓర్ మాయమైపోతుంది. రాతి పికాక్స్ 131 బ్లాకులు తవ్వుతుంది, చెక్కది 59. రాతిది అరిగితే మూడు రాళ్లు, రెండు కర్రలతో ఇంకోటి చేసుకోవచ్చు, దాచుకోవాల్సిన వస్తువే కాదు. 2025 సెప్టెంబర్ చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో రాగి పికాక్స్ కూడా వచ్చింది, దానితోనూ ఐరన్ తవ్వొచ్చు. రాగి ఓర్‌ని ఐరన్ అనుకోకండి, రాగిలో నారింజ చుక్కల మధ్య పచ్చ చుక్కలుంటాయి.

మెట్లు మెట్లుగా 16 దాకా దిగాం. కాళ్ల కింద నిలువుగా ఎప్పుడూ తవ్వొద్దు, కింద లావా ఉంటే అన్నీ పోతాయి. 16లో రెండు బ్లాకుల ఎత్తున అడ్డంగా సొరంగం మొదలుపెట్టాం. మొదటి ఐరన్ గుంపు కనబడేసరికి టీ కూడా చల్లారలేదు. ముడి ఐరన్ కింద రాలి "టప్"మని చేతికొచ్చినప్పుడు వాడి మొహం చూడాల్సింది. ఎనిమిది రాళ్లతో ఫర్నేస్ చేసి, బొగ్గు వేసి కరిగించాం. మూడు కడ్డీలు, రెండు కర్రలతో ఐరన్ పికాక్స్. వాళ్లు 798 రూపాయలకి అమ్మింది ఐరన్ చోటు చూపిస్తామనే కదా, దానికి కావాల్సిన ఎత్తు అంకె ఆటలోనే "షో కోఆర్డినేట్స్" బటన్ వెనక ఉంది.

మీకూ ఉపయోగపడుతుందని మిగతా వై అంకెలు కూడా ఇస్తున్నాను, ఎవరికీ రూపాయి ఇవ్వకండి. బొగ్గు 96 దగ్గర, రాగి 48 దగ్గర, ఐరన్ 16 దగ్గర ఎక్కువ. మీ ఇల్లు ఎత్తైన కొండల్లో ఉంటే కిందికి దిగక్కర్లేదు, 80 పైన కొండల్లోనే ఐరన్ ఉంటుంది, ఎక్కేకొద్దీ పెరుగుతుంది. బంగారం మైనస్ 16 దగ్గర. డైమండ్ 16 కింద మొదలవుతుంది కానీ లోతుకి వెళ్లేకొద్దీ ఎక్కువ, మైనస్ 59 దగ్గర తవ్వడం మంచిది. నేను మావాడికి చెప్పిన 11లో దాదాపు ఏమీ దొరకదు. డైమండ్ కోసం గుహల్లో తిరగడం కన్నా సొరంగం తవ్వడమే మేలు, గాలి తగిలే చోట అవి తక్కువ ఉండేలా పెట్టారు. పక్క సొరంగానికి మధ్య రెండు బ్లాకులు వదిలితే ఏదీ తప్పిపోదు. మైనస్ 54 కింద గుహల్లో లావా నిండి ఉంటుంది, బకెట్‌లో నీళ్లు పెట్టుకుని వెళ్లండి. మొదట్లో తవ్వే ఓపిక లేకపోతే ఆటలోని ఊళ్లలో ఆయుధాలు చేసేవాళ్ల ఇళ్లలోని పెట్టెలు, మునిగిన ఓడల్లోని పెట్టెలు చూడండి, ఐరన్ కడ్డీలు దొరుకుతుంటాయి.

అదే గ్రూపులో "ఫుల్ గేమ్ అకౌంట్ 199కే" అని కూడా పెడుతున్నారు. అలాంటి అకౌంట్ అసలు యజమాని ఎప్పుడైనా పాస్‌వర్డ్ మార్చి వెనక్కి తీసుకోవచ్చు. ఫోన్‌కైతే ప్లే స్టోర్, యాప్ స్టోర్‌లో, కంప్యూటర్‌కైతే అధికారిక సైట్‌లోనే కొనండి. కంప్యూటర్‌కి ఈ ఆటలో ఉన్న జావా, బెడ్‌రాక్ అనే రెండు రకాలూ 2022 జూన్ నుంచి ఒకే కొనుగోలులో వస్తున్నాయి, వాటిని విడివిడిగా అమ్ముతామనేవాళ్లని నమ్మొద్దు.

మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, డబ్బు ఇప్పటిదాకా రాలేదు. నిన్న మావాడు ఇంకో గ్రూపులో కొత్త ప్రకటన చూసి పంపాడు. పేరు వేరు, ఫోటో వేరు, ధర 349. కింద చార్ట్ మాత్రం అదే: ఐరన్ 0 నుంచి 63, డైమండ్ 11. అది కనబడితే ఆగకుండా రిపోర్ట్ కొట్టండి.