చాలా ఏళ్లు చేతిలో నలిగిన త్రీ నాట్ త్రీ

త్రీ నాట్ త్రీ అనగానే మనవాళ్లకు స్టేషన్ సెంట్రీ భుజమ్మీది తుపాకీ, ఎన్‌సీసీ పరేడు గుర్తొస్తాయి. ఈ సమీక్ష ఆ రైఫిల్ గురించే: లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 స్టార్, ఇషాపూర్ తయారీ. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నంబర్ 4 మోడల్‌కి మారిపోయినా మన ఇషాపూర్, ఆస్ట్రేలియాలోని లిత్గో ఈ పాతదాన్నే చేస్తూ వచ్చాయి. ఉత్తర ఆఫ్రికాలో, బర్మాలో భారత సిపాయిల చేతుల్లో ఉన్నది ఎక్కువగా ఇదే.

అందరూ దీని గురిని పొగుడుతారు. నా లెక్కలో దీని అసలు గొప్ప బోల్టు, అంటే చేత్తో ముందుకీ వెనక్కీ జరిపి తూటా ఎక్కించే ఇనుప కడ్డీ. హ్యాండిల్ సరిగ్గా ట్రిగ్గర్ పైనే ఉంటుంది. జర్మన్ మౌజర్ రైఫిల్ హ్యాండిల్ 90 డిగ్రీలు తిప్పాలి, దీనికి 60 చాలు. పైగా తూటాని పేల్చే సూది స్ప్రింగు బిగుసుకునేది బోల్టు మూసేటప్పుడే. అందుకే తెరవడం తేలిక, చెంప బట్ (భుజానికి ఆన్చే వెనక కర్ర) మీంచి లేపకుండానే తర్వాతి రౌండు ఎక్కించవచ్చు. మ్యాగజైన్‌లో 10 రౌండ్లు. జర్మన్ల కార్ 98కె, రష్యన్ల మోసిన్, జపాన్ టైప్ 99, అన్నీ ఐదేసి. అమెరికన్ల గారండ్‌ది 8 రౌండ్లే అయినా అది సెమీ ఆటోమేటిక్, దాని వేగం ముందు ఏ బోల్టు రైఫిలూ నిలవదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

ఇక దీంతో వచ్చే మొదటి తలనొప్పి తూటా. .303 రౌండుకి అడుగున బయటికి పొడుచుకొచ్చిన రిమ్ము ఉంటుంది. మ్యాగజైన్‌లో పై రౌండు రిమ్ము కింది రౌండు రిమ్ముకి ముందు ఉండాలి. వెనక పడిందా, బోల్టు తోసినప్పుడు పైది కిందిదాన్ని కూడా పట్టుకుని లాగుతుంది, రెండూ ఇరుక్కుని బోల్టు సగంలో ఆగిపోతుంది. బలంగా కొడితే ఇంకా బిగుస్తుంది. బోల్టు వెనక్కి లాగి, మ్యాగజైన్ ఊడదీసి, మళ్లీ నింపుకోవడమే దారి. మోసిన్‌దీ రిమ్ము తూటాయే, కానీ రష్యన్లు కింది రౌండుని ఆపి ఉంచే చిన్న రేకు పెట్టారు. ఇక్కడ ఆ బాధ్యతంతా నింపేవాడిదే. చార్జర్ క్లిప్పులో (ఐదు రౌండ్లు ఒకేసారి నింపే రేకు పట్టీ) ఐదు రౌండ్లను ఒకటి కిందికి ఒకటి పైకి, రిమ్ములు మార్చి మార్చి పెట్టాలి. అలా పెడితే క్లిప్పు ఏ వైపు తిప్పి పెట్టినా సరిగ్గానే దిగుతుంది. విడిగా ఒక్కొక్కటి వేసేటప్పుడు ప్రతి రౌండునీ బొటనవేలితో నొక్కి, కిందిదాని రిమ్ము దాటి ముందుకు పడిందో లేదో చూసుకోవాలి.

మ్యాగజైన్‌ని ఊరికే ఊడదీసి పెట్టకండి. దాని పై పెదవులు ఆ రైఫిల్‌కే సరిచేసినవి. కింద పడి కొంచెం వంగినా రౌండు ముక్కు ఛాంబర్ (బ్యారెల్ వెనక కొసన తూటా కూర్చునే గది) అంచుకి తగులుతుంది. కటింగ్ ప్లయర్‌తో సరిచేయబోయి ఇంకా పాడుచేసినవే ఎక్కువ కనిపిస్తాయి.

బోల్టు మార్చడం ఇంకా ప్రమాదం. హ్యాండిల్ మొదట్లో ఉన్న నంబరు, రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప చట్రం) నంబరు ఒకటే కావాలి. వరసగా పడుకోబెట్టి తుడిచేటప్పుడు పదిమంది బోల్టులు కలిసిపోవడం చాలా మామూలు. ఈ రైఫిల్‌కి లాకింగ్ లగ్గులు (బోల్టుని మూసి పట్టి ఉంచే ముక్కలు) బోల్టు వెనక భాగంలో ఉంటాయి, పేలినప్పుడు బోల్టు కాస్త నొక్కుకుపోతుంది, తూటా ఇత్తడి కేసు సాగుతుంది. బోల్టు హెడ్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు గేజీ ప్రకారం 0.064 అంగుళాల నుంచి 0.074 లోపు ఉండాలి. అది దాటితే తెలిసే గుర్తు ఖాళీ కేసు మీదే ఉంటుంది: రిమ్ముకి కొంచెం పైన చుట్టూ మెరిసే గీత. సన్న తీగ కొస వంచి కేసు లోపల గీస్తే అక్కడ గాడి తగులుతుంది. అది కనిపించిన రైఫిల్‌ని కాల్చడం ఆపేసి ఆర్మరర్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) ఇవ్వాలి. లేకపోతే ఒకరోజు కేసు రెండు ముక్కలై ముందు ముక్క ఛాంబర్‌లోనే ఉండిపోతుంది.

ఇక కర్ర. దీని గురి నిలబడేదీ చెడేదీ ఎక్కువగా బ్యారెల్ వల్ల కాదు, ఫోర్ ఎండ్ కర్ర (బ్యారెల్ కింది ముందు కర్ర) వల్ల. పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా ఫోర్ ఎండ్ వెనక కొసన లోపలున్న రెండు చిన్న కర్ర ముఖాల మీద పడుతుంది. తుపాకీ నూనె అదేపనిగా పోస్తే అవి మెత్తబడి నలుగుతాయి, కర్ర కదులుతుంది, రౌండ్లు లక్ష్యం మీద చెదురుతాయి, చివరికి కర్ర చీలుతుంది. లిత్గో వాళ్లు అక్కడ రాగి రేకులు వేశారు. ఇషాపూర్ వాళ్లు మ్యాగజైన్ ముందు కర్రకి అడ్డంగా ఒక స్క్రూ బిగించారు, అది చీలికని ఆపుతుంది. కర్రకి పచ్చి అవిసె నూనె పలచగా రుద్దాలి, తుపాకీ నూనె ఇనుముకే. వానకి తడిసిన కర్ర ఉబ్బి బ్యారెల్‌ని నొక్కితే జీరో, అంటే సరిచేసి పెట్టిన గురి, జరుగుతుంది. పరీక్ష తేలిక: బ్యారెల్ మూతిని బొటనవేలితో కిందికి నొక్కితే కొంచెం దిగి, వదలగానే స్ప్రింగు తోపుకి పైకి లేవాలి. లేవకపోతే నోస్ క్యాప్ (మూతి దగ్గరి ఇనుప తొడుగు) దగ్గర ఎక్కడో పట్టేసింది.

బట్ వదులైందని ముందుగా బట్ బోల్టు తిప్పవద్దు. దాని నలుచదరపు కొస ఫోర్ ఎండ్‌లో కూర్చుని ఉంటుంది, తిప్పితే కర్ర పగులుతుంది. ముందు ఫోర్ ఎండ్ విప్పాలి, ఆ తర్వాతే బట్.

శుభ్రం చేయడానికి కావాల్సినవి బట్ ప్లేటు మూత వెనకే ఉంటాయి: ఇత్తడి నూనె సీసా, పుల్‌త్రూ (బ్యారెల్‌లోంచి గుడ్డ లాగే బరువు కట్టిన తాడు). చిందీ గుడ్డ 4 అంగుళాలకి 2 అంగుళాలు, అంతకన్నా మందం పెడితే ఇరుక్కుంటుంది. ఛాంబర్ వైపు నుంచి వేసి తాడుని నిటారుగా లాగాలి. పక్కకి ఒరిపిడి పడుతూ లాగితే మూతి అంచు అరిగి, గురి శాశ్వతంగా పోతుంది. పాత తూటాల క్యాపులో (సూది తగలగానే నిప్పు రాజేసే అడుగు మూత) పొటాషియం క్లోరేట్ ఉండేది, అది కాలాక ఉప్పు మిగులుతుంది, నూనెకి కరగదు. మరిగే నీళ్లు గరాటాతో పోసి కడిగి, ఆరబెట్టి, ఆపైన నూనె పట్టించాలి.

సైట్ దగ్గర మాత్రం నాకు అసంతృప్తి ఉంది. బ్యాక్‌సైట్ బ్యారెల్ మీద కంటికి దూరంగా ఉంటుంది, నలభై దాటిన కళ్లకి ఆ గాడి మసకగానే కనిపిస్తుంది. నంబర్ 4లో దాన్ని రిసీవర్ మీదికి తెచ్చి రంధ్రం సైట్ చేయడం సరైన పని. జీరో సరిచేయడానికి రౌండు ఎటు పడుతుంటే ఫోర్‌సైట్‌ని (మూతి దగ్గరి గురి బ్లేడుని) అటే జరపాలి, ఎత్తు పోతుంటే ఎత్తైన బ్లేడు వేయాలి.

బరువు దాదాపు 4 కిలోలు. అడవికని 1944లో వచ్చిన నంబర్ 5 దాదాపు 3.2 కిలోలే, కానీ తన్ను ఎక్కువ, జీరో నిలవదని చెడ్డపేరు తెచ్చుకుంది. నేనైతే ఆ బరువు మోయడానికే ఇష్టపడతాను.

ఫోర్ ఎండ్‌కి తీగ చుట్టిన రైఫిల్ చేతికొస్తే గ్రూపింగ్ (రౌండ్లన్నీ దగ్గరదగ్గరగా పడటం) కోసం తంటాలు పడకండి. అది మూతికి కప్పు బిగించి గ్రనేడ్ వేయడానికి కేటాయించింది. డీపీ (డ్రిల్ పర్పస్, పరేడుకి మాత్రమే) అని కొట్టినదాంట్లో అయితే అసలు రౌండే పెట్టకూడదు.