ఆరేళ్లు, 18 వేల తూటాలు: నా .22 రూగర్ గురించి

మొదట కొన్న పిస్టల్‌ని ఎనిమిది నెలలకే అమ్మేశాను. పెట్టిన డబ్బులో మూడో వంతు గాలికి పోయింది. ఇప్పుడు రాస్తున్నది రెండోదాని గురించి. అసలు మొదటే కొనాల్సింది దీన్ని.

మేముండేది డాలస్ పక్కన అర్వింగ్‌లో. 2018లో గ్రీన్‌కార్డు వచ్చాక ఒక సరదా తీర్చుకుందామనుకున్నాను. ఖమ్మం దగ్గర మా ఊళ్లో శివరాత్రి తిరునాళ్లకి బెలూన్ల బండి వచ్చేది. అట్టకి కట్టిన బెలూన్లని గాలి తుపాకీతో పేల్చాలి. నాకు దొరికే పాకెట్ మనీ మొత్తం ఆ బండివాడికే పోయేది. అంతకు మించి నాకు తుపాకీతో పరిచయం లేదు, బ్యాంకు గేటు దగ్గర గార్డు భుజానికి వేలాడేది చూడటం తప్ప. ఆత్మరక్షణ, ఇంటి కాపలా లాంటి ఆలోచనలేవీ లేవు. కాగితం మీద గురి చూసి కొట్టాలి, అంతే.

ఆఫీసులో కరీంనగర్ తమ్ముడొకడున్నాడు. “అన్నా, కొంటే 9 ఎంఎం కొను. .22 పిల్లకాయల ఆట” అన్నాడు. ఈ అంకెలు తూటా లావుని చెప్తాయి, .22 సన్నది. కొన్నాను. నాలుగు నెలలు తిరిగినా ఏడు గజాల దూరంలో పళ్లెమంత కాగితం మీద నా రంధ్రాలన్నీ ఎడమవైపు కింద మూలకే పోయేవి. గురి చూసే సైట్లు వంకరేమోననుకున్నాను. తుపాకీ సాధన చేసే రేంజిలో పనిచేసే పెద్దాయన నా పిస్టల్ తీసుకుని, నాకు కనబడకుండా తూటాలు నింపే మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య రెండు డమ్మీలు కలిపి ఇచ్చాడు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టక్‌మంది, పేలలేదు. పేలని ఆ పిస్టల్ గొట్టం మాత్రం రెండంగుళాలు కిందికి వాలింది. సైట్లది కాదు తప్పు. చప్పుడుకి, పేలగానే చేతిని వెనక్కి నెట్టే తన్నుకి ముందే నా చెయ్యి ఉలిక్కిపడుతోంది. ఇది నెత్తికెక్కినంత తేలిగ్గా దిగదు. 9 ఎంఎంతోనే సాధన చేస్తే దిగడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, ఎందుకంటే ప్రతి తూటా ఆ భయాన్నే మళ్లీ నేర్పిస్తుంది.

అప్పుడు .22 వైపు చూశాను. 1880ల నుంచీ ఉన్న తూటా ఇది. చప్పుడు తక్కువ, తన్ను దాదాపు లేనట్టే. అన్నింటికన్నా ముఖ్యం ధర. 2019లో నా పద్దు పుస్తకంలో 9 ఎంఎం ఒక్కోటి 20 సెంట్లు, .22 ఆరు సెంట్లు అని రాసుకున్నాను. 2020, 21లో కరోనా దెబ్బకి 9 ఎంఎం అరలు ఖాళీ అయిపోయి, దొరికినచోట 60, 70 సెంట్లు పలికింది. నా .22 కూడా పెరిగింది గానీ రేంజికి వెళ్లడం మానేయాల్సినంత కాదు.

అదే రేంజిలో నాలుగు .22 పిస్టళ్లు అద్దెకు తీసుకుని, నాలుగు శనివారాలు కాల్చి చూశాను. కొనేముందు ఎవరైనా చేయాల్సిన పని ఇదే. కొట్లో చేత్తో పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు. బ్రౌనింగ్ బక్ మార్క్ ట్రిగ్గర్ వెన్నలా ఉంది, కానీ విప్పి తుడవాలంటే హెక్స్ కీతో స్క్రూలు తియ్యాలి. స్మిత్ అండ్ వెసన్ విక్టరీ గట్టి ఉక్కు ముక్క, నా మణికట్టుకి ముందుకి బరువనిపించింది. టారస్ టీఎక్స్22 తేలిక, మ్యాగజైన్‌లో 16 పడతాయి, ఇప్పటి పోలీసు పిస్టళ్ల తరహా. సరదాగా టకటకా కాల్చేవాళ్లకి అదే బాగుంటుందేమో. నాలుగోది రూగర్ మార్క్ 4. అందులో 22/45 అనే రకం, ఐదున్నర అంగుళాల లావు బ్యారెల్‌ది.

ఆ పేరులోని 45 గురించి ఒక ముక్క చెప్పాలి. మామూలు మార్క్ 4 పిడి పాత జర్మన్ లూగర్‌లా బాగా వాలి ఉంటుంది. 22/45 పిడి మాత్రం అమెరికన్ .45 పిస్టల్, అంటే 1911 పిడిలా కాస్త నిటారుగా ఉంటుంది. ఫ్రేమ్ పాలిమర్. రెండూ పట్టుకుని, కళ్లు మూసుకుని చెయ్యి చాచి, కళ్లు తెరిచి చూసుకున్నాను. నిటారు పిడిదైతే ముందు సైటు నేరుగా గురి మీదే ఉంది. వాలు పిడిది ఆకాశం చూస్తోంది. మీ మణికట్టు వేరు కావచ్చు. ఇదే పరీక్ష మీరూ చేసుకోండి.

రూగర్ కంపెనీ పుట్టిందే ఈ పిస్టల్‌తో. 1949లో బిల్ రూగర్, అలెగ్జాండర్ స్టర్మ్ కలిసి కనెక్టికట్‌లో మొదలుపెట్టి మొదట అమ్మింది ఒక .22 పిస్టలే. ధర 37 డాలర్ల 50 సెంట్లు. ఆ వంశంలో మార్క్ 3 వరకూ అందరూ తిట్టుకున్నది ఒక్కదానికే: విప్పితే మళ్లీ బిగించడం బ్రహ్మ విద్య. 2016లో వచ్చిన మార్క్ 4లో వెనకాల ఒక బటన్ పెట్టారు. మ్యాగజైన్ తీసి, గొట్టం వెనక తూటా కూర్చునే గది ఖాళీగా ఉందని కళ్లతోనూ వేలితోనూ చూసుకుని, పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేసి ఆ బటన్ నొక్కితే పైభాగం తలుపు తెరిచినట్టు పైకి లేస్తుంది. 2017 జూన్‌లో సేఫ్టీ లోపం వల్ల కంపెనీ అప్పటిదాకా తయారైన మార్క్ 4లని వెనక్కి పిలిచి సరిచేసింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు సీరియల్ నంబరు చూసుకోవాలి. నాది 2019 జులైలో కొన్న కొత్తది. పన్నుతో కలిపి 380 డాలర్లయింది.

కొనడం అంటే కూరగాయలు కొన్నట్టేం కాదు. తుపాకీ కొనేవాళ్ల వివరాలు అడిగే ఫారం 4473 నింపాలి, అందులో పౌరసత్వం, వీసా గురించి నేరుగా అడుగుతారు. అప్పటికి మేం అపార్ట్‌మెంట్ మారి రెండు నెలలు. నా డ్రైవింగ్ లైసెన్సు మీద పాత అడ్రసు ఉందని కొట్టువాడు వెనక్కి పంపేశాడు. అది మార్చుకుని వెళ్తే, ఎఫ్‌బీఐ చెకింగ్‌లో “డిలే” అని వచ్చింది. పక్కవాడికి ఐదు నిమిషాల్లో అయిపోయింది. మన పొడుగాటి పేర్లలో ఇంటిపేరు ఏదో అసలు పేరు ఏదో తేల్చుకోలేక కంప్యూటర్ ఆగిందేమో మరి. నాలుగో రోజు ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్లమన్నారు.

ఈ సందర్భంలోనే, నన్ను కుర్రాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నకి జవాబు. ఎఫ్1, హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కొనడమే కాదు, చేతిలో ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రేంజిలో గంటసేపు అద్దెకు తీసుకున్నా ఇదే వర్తిస్తుంది. “మా రూమ్మేట్లందరం లాస్ వేగస్‌లో కాల్చాం, ఎవరూ అడగలేదు” అంటారు. అడగకపోవడం వేరు, చట్టం ఒప్పుకోవడం వేరు. గ్రీన్‌కార్డు దారిలో ఉన్నవాళ్లు ఒక్క ఫొటో కోసం అంత రిస్కు తీసుకోవద్దు. ముందు లాయరుని అడగండి.

ఇక వాడకం. మొదటి ఏడాది అంతా ఏడు గజాలు, పది గజాలే. ఉలికిపాటు పోవడానికి మూడు నెలలు పట్టింది. నెలకి రెండుసార్లు రేంజికి, ఒక్కోసారి 120, 130 తూటాలు. మొదటి యాభైలోనే అసలు సాధన, తర్వాతవి సరదాకి. ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ నొక్కే సాధన వల్లే ఎక్కువ లాభం కలిగింది. సాధారణంగా .22లని ఖాళీగా నొక్కకూడదంటారు, ఫైరింగ్ పిన్ వెళ్లి గది అంచుకి తగులుతుందని. ఈ పిస్టల్‌లో పిన్‌ని ఆపే చిన్న కడ్డీ ఉంది కాబట్టి ఫర్వాలేదు. అయినా నేను హార్డ్‌వేర్ కొట్లో దొరికే పసుపు రంగు ప్లాస్టిక్ గోడ బిరడాలు డమ్మీల్లా వాడతాను. వంద బిరడాలకి నాలుగు డాలర్లు కూడా కావు. ఆ సమయంలో అసలు తూటాలు ఇంకో గదిలో, తాళంలో ఉంటాయి.

మ్యాగజైన్ లోపల లేకపోతే ఇది పేలదు. కొందరికి ఆ ఏర్పాటు చిరాకు. నాకు అలవాటైపోయింది. మ్యాగజైన్‌లో పదే పడతాయి, నింపేటప్పుడు పక్కనున్న బటన్‌ని బొటనవేలితో కిందికి లాగి పట్టుకోవాలి. వంద దాటాక వేలు మంట. పదిహేను డాలర్ల ప్లాస్టిక్ లోడర్ కొన్నాక ఆ బాధ పోయింది. తూటా అడుగున అంచు ఉంటుంది కదా, పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందుండేలా పేర్చాలి. వెనక్కి పడితే ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న మొదటి నాలుగైదుసార్లు నేను పిస్టల్‌నే తిట్టాను. తప్పు నాది.

పేలకపోవడం మాత్రం తూటాల వల్లే ఎక్కువ. .22లో తూటాని రాజేసే మందు అడుగు అంచు లోపల చుట్టూ పరుచుకుని ఉండాలి. చవక రకంలో అది సమంగా పరుచుకోదు. ఒక డబ్బాలో 500కి 17 పేలలేదని నా పుస్తకంలో ఉంది. ఆ రకం మళ్లీ కొనలేదు. టక్‌మని పేలకపోతే వెంటనే తెరవకూడదు. గొట్టాన్ని గురివైపే ఉంచి ముప్పై సెకన్లు లెక్కపెట్టాలి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ రకం కాస్త ఖరీదు, కానీ నా పిస్టల్‌కి అదే పడింది. 18 వేలలో సగానికి పైగా అవే.

సైట్లు రెండూ నలుపు. వెనకది స్క్రూతో సరిచేసుకోవచ్చు. నలభై దాటిన నా కళ్లకి నల్ల గురి మీద నల్ల సైటు కనబడేది కాదు. మా ఆవిడ గోళ్ల రంగు, నారింజది, ముందు సైటుకి ఒక చుక్క పెట్టాను. ఆరేళ్లలో మూడుసార్లు పూశాను. ట్రిగ్గర్ మార్చమని, వోల్క్వార్ట్‌సెన్ కంపెనీ ట్రిగ్గర్ కిట్ పెట్టమని అందరూ చెప్తారు. పెట్టినవాళ్ల పిస్టల్ కాల్చి చూశాను, నిజంగానే బాగుంది. కానీ నా గురి తప్పేది ట్రిగ్గర్ వల్ల కాదని తెలిశాక ఆ డబ్బు తూటాలకి పెట్టాను.

తుడవడం ఐదువందలకి ఒకసారి. .22 తూటా మైనం, సీసం, మసి అన్నీ వదిలిపెడుతుంది. మూడు వందలు దాటేసరికి లోపల బొగ్గుల పొయ్యి. ఆ సీసం మన చేతులకీ అంటుకుంటుంది. అందుకే మా ఇంట్లో ఒక రూలు: రేంజి నుంచి రాగానే చావింటి నుంచి వచ్చినట్టు నేరుగా స్నానానికి. బట్టలు విడిగా ఉతకాలి. పిల్లని ముట్టుకోవడం, నోట్లో ఏదైనా వేసుకోవడం ఆ తర్వాతే. రేంజిలోనే చేతులు చన్నీళ్లతో, సబ్బుతో కడుక్కుంటాను.

మా అమ్మాయికి పదకొండేళ్లు. పిస్టల్ గోడకి బిగించిన చిన్న సేఫ్‌లో ఉంటుంది, తూటాలు వేరే అలమరలో. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి నిండిన తుపాకీ అందేలా వదిలేయడం నేరం. చట్టం లేకపోయినా అంతే చేసేవాణ్ని. తుపాకీ తుడుస్తుండగా పేలి చనిపోయిన కుర్రాళ్ల వార్తల్లో తెలుగు పేర్లు చదివాక నాకు నిద్ర పట్టలేదు. దసరాకి మా ఆవిడ కారుకి, కుక్కర్‌కి, లాప్‌టాప్‌కి బొట్లు పెడుతుంది. పిస్టల్ బయటికి తియ్యనివ్వదు. సేఫ్ తలుపుకే బొట్టు.

ఇండియా ప్రయాణాల గురించి ఒకటి. రేంజికి వాడే బ్యాగుని ఊరికి తీసుకెళ్లే సామాన్లలో ఎప్పుడూ కలపొద్దు. మూల కుట్టులో ఒక్క తూటా మిగిలి శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికితే ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. పోయినేడు డిసెంబర్లో బయల్దేరే ముందు నా జీన్స్ మడతలో ఒకటి దొరికింది, వాషింగ్ మెషిన్‌లో తిరిగొచ్చి మెరుస్తూ. ఆ రోజు నుంచి రేంజికి ఒకే ప్యాంటు, అది గ్యారేజ్ దాటి లోపలికి రాదు.

డబ్బు లెక్క అడుగుతారని చెప్తున్నాను. ఆరేళ్లలో పిస్టల్ 380, తూటాలకి 1,500కి అటూ ఇటూ, రేంజి సభ్యత్వం నెలకి 35 చొప్పున 2,500 పైన, సేఫ్, చెవి మఫ్‌లు, కళ్లజోడు కలిపి 250. ఇందులో పిస్టల్ ఖరీదు పదో వంతు కూడా లేదు. యాభై డాలర్లు తక్కువకి ఏది దొరుకుతుందా అని నెలల తరబడి వెతికేవాళ్లు ఈ పద్దు ఒకసారి చూడండి. ఇన్ని తూటాలూ 9 ఎంఎంవి అయ్యుంటే నాలుగు వేలు దాటేది. అసలు అన్ని కాల్చేవాణ్నే కాదు.

మళ్లీ కొనాల్సొస్తే ఇదే కొంటాను గానీ, పైన రెడ్ డాట్, అంటే గురి మీద ఎర్ర చుక్క చూపించే అద్దం, బిగించడానికి పట్టీ ఉన్న రకం తీసుకుంటాను. కళ్లకి వయసు తగ్గదు కదా. ఆ మాట మొదట అన్నది మా ఆవిడ. రెండేళ్ల కిందట “ఏమండీ, ఒక్కసారి నేనూ చూస్తాను” అని వచ్చింది, అంతకుముందు నాలుగేళ్లు ఆ సేఫ్ వైపు కూడా చూసేది కాదు. 9 ఎంఎం ఎప్పుడూ పట్టుకోలేదు కాబట్టి ఆమెకి ఉలికిపాటు అనేదే తెలియదు. గత శనివారం పదిహేను గజాల్లో ఆమె పది తూటాలూ టీ గ్లాసు మూతంత చోట పడ్డాయి. ఆ కాగితం ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది. నాది మడిచి జేబులో పెట్టుకుని తెచ్చుకున్నాను.