మొంథా రాత్రి నా ఫోన్‌లో వాతావరణ శాఖ బులెటిన్

మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఇంట్లో నేను, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. తుపాను అంటే ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవాల్సింది నేనే. 2025 అక్టోబరు 28న మొంథా వచ్చినప్పుడు టీవీనీ, వాతావరణ శాఖ వాళ్ల ‘మౌసమ్’ యాప్‌నీ, వాళ్ల బులెటిన్లనీ రెండు రోజులు పక్కపక్కన పెట్టుకుని చూశాను.

ఒక టీవీ చానెల్ అయితే సోమవారం పొద్దుటి నుంచీ ‘కాకినాడ వైపు దూసుకొస్తోంది’ అన్న మాటే తిప్పితిప్పి వేసింది. బీచ్ రోడ్డు మీద కెరటాలు పడుతున్న వీడియో చూపించారు. అది ఏ ఊరిదో, ఏ ఏడాదిదో రాయలేదు. అది చూసి పక్కింటి బాబాయిగారు ‘‘దాటేది కాకినాడ దగ్గరంటమ్మా, మనకేం పర్లేదు’’ అని గేదెల్ని తోటలో పాకలోనే ఉంచేశారు.

బులెటిన్‌లో అలా లేదు. మచిలీపట్నం, కళింగపట్నం మధ్య, కాకినాడ పరిసరాల్లో దాటుతుందని ఉంది. మ్యాప్‌లో గీత చుట్టూ గరాటులా వెడల్పయ్యే రంగు పట్టీ ఒకటుంటుంది. తుపాను కేంద్రం ఆ పట్టీలో ఎటైనా జరగొచ్చని దానర్థం. రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తే వశిష్ఠ గోదావరికి అటూ ఇటూ ఉన్న మా ఊళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఫోన్ తీసుకెళ్లి బాబాయిగారికి చూపించాను. ‘‘ఆయ్, అయితే ఇప్పేసి బడి దగ్గరికి తోలేద్దాం’’ అన్నారు. ఆ రాత్రి పదకొండున్నర దాటాక నర్సాపురం దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి 90–100 కిలోమీటర్లు, విసురు 110 దాకా. తెల్లారి చూస్తే పాక మీద కొబ్బరిచెట్టు అడ్డంగా పడి ఉంది.

ఇంకో మంచి సంగతి. సాయంత్రమే కరెంటు తీసేశారు, టీవీ పోయింది. బులెటిన్ రాత కాబట్టి సిగ్నల్ ఒక్క గీత ఉన్నా తెరుచుకుంది. అత్తయ్యగారికి చదివి వినిపిస్తుంటే ఆవిడ అడిగినవి రెండే: ఇప్పుడెక్కడుంది, ఎటు పోతోంది? 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో వెయ్యి మందికి పైగా పోయిన తుపానుని చూసిన మనిషి ఆవిడ. ఆ రాత్రి పిల్లల్ని మంచం కింద పెట్టుకుని కూర్చున్నారట. బయట ఏం జరుగుతోందో చెప్పేవాళ్లే లేరంటారు.

  

నాకు నచ్చనిది ఏమిటంటే, తీరం దాటగానే వార్త అయిపోవడం. డెల్టాలో మా కష్టం మొదలయ్యేదే అప్పుడు. సార్వా (ఖరీఫ్) వరి చేను కంకి మీద ఉంది. మర్నాడు మా కౌలు రైతు నీళ్లలోంచి ఒక కంకి తీసి గింజని గోటితో నొక్కితే తెల్లగా పాలు వచ్చాయి. ‘‘మూడ్రోజుల్లో నీళ్లు దిగకపోతే ఇదంతా తాలేనండీ’’ అన్నాడు. దిగడానికి దారేది? సముద్రం పోటు మీద ఉంటే, చేల నీళ్లని సముద్రంలోకి తీసుకెళ్లే డ్రెయిన్ మొగ దగ్గర నీళ్లు ఎదురు తంతాయి.

వాతావరణ మార్పు గురించి చెప్పాల్సింది ఇక్కడే. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అది వానై మా మీదే పడుతుంది. కింద సముద్ర మట్టం పెరుగుతోంది. ఎగువ ఆనకట్టల దగ్గర ఒండ్రు ఆగిపోయి డెల్టాకి కొత్త మట్టి రావడం తగ్గింది. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి వెళ్లి చూడండి, ఉప్పునీరు ఎక్కి తలలు రాలిపోయిన కొబ్బరిచెట్లు మొండాలుగా నిలబడి ఉంటాయి. 2011లో కోనసీమ రైతులు పంట వేయకుండా విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపు బాధ కూడా ఉంది.

కౌలు రైతు సంగతి అసలు ఎవరూ అడగరు. కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు కార్డుకి భూమి యజమాని సంతకం కావాలని 2019 చట్టంలో ఉంది. మేం పెట్టాం. పెట్టని వాళ్ల పొలంలో చేను పడిపోతే నష్టం ఎవరి పేరున రాస్తారు? నడుంలోతు నీళ్లలో నిలబడి అరిచే విలేకరి ఒక్కసారి గట్టెక్కి ఈ మాట అడిగితే నేను ఆ చానెల్ పెడతాను. రెండ్రోజులకల్లా దాంట్లో మొంథా పేరే లేదు. ఆ టీవీ చానెల్‌కి అయిదుకి ఒక్క స్టారు.

బులెటిన్‌కి, యాప్‌కి కలిపి అయిదుకి నాలుగు. ఎంత వాన, ఎంత గాలి అన్నది చక్కగా చెప్పారు. మా చేలో నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయో కూడా, డ్రెయిన్ల వాళ్లని కలుపుకుని చెప్పగలిగితే ఆ అయిదోది కూడా ఇస్తాను. మూడో రోజు సాయంత్రం కౌలు రైతు ఫోన్ చేసి ‘‘మోకాలి నుంచి చీలమండ దాకా దిగిందండీ’’ అనేవరకూ నాకు టెన్షన్ తగ్గలేదు.