50 రూపాయల కబడ్డీ టికెట్ మాకు 2216 అయింది: ‘సీజన్ పాస్’ కొనేవాళ్లు జాగ్రత్త

సంక్రాంతికి మా శ్రీకాకుళం జిల్లాలో, హైవే పక్కనున్న ఒక ఊళ్లో జరిగిన కబడ్డీ పోటీల సంగతి ఇది. ఊరి పేరు, కమిటీ పేరు రాయను. అక్కడ మాకు చుట్టాలున్నారు, పైగా ఇందులో ఊరివాళ్ల తప్పేమీ లేదు. కానీ అదే కమిటీ శివరాత్రికి ఇంకోచోట పోటీలు పెడుతున్నామని వాట్సాప్‌లో పోస్టర్ తిప్పుతోంది. ఇందులోనూ పెద్దక్షరాలతో అదే మాట: ‘ప్రవేశం రూ.50’. చూశాక ఊరుకోలేకపోయాను.

టికెట్ పెట్టడమే తప్పని నేననడం లేదు. మ్యాట్ అద్దె, లైట్లు, రిఫరీలు, ఆటగాళ్ల భోజనాలు, అన్నీ డబ్బుతో పనే. మన ఊళ్లలో మామూలుగా దాతలు తలా కొంత వేసుకుంటారు, వాళ్ల పేర్లు మైకులో పదిసార్లు చదువుతారు, జనం ఉచితంగా చూస్తారు. అంతెందుకు, విజయనగరంలో పీవీజీ రాజు క్రీడా ప్రాంగణంలో రంజీ మ్యాచ్‌ని రూపాయి ఇవ్వకుండా నీడపట్టున కూర్చుని చూసొచ్చినవాణ్ణి నేను. అయినా ఊరి కుర్రాళ్ల ఆటకి 50 ఇవ్వమంటే సంతోషంగా ఇస్తాను. ఆ 50 నిజంగా 50 అయితే.

మా నాన్నకి కబడ్డీ అంటే ప్రాణం. కుర్రతనంలో ఆడాడు, ఆయన ఎడమ మోకాలే దానికి సాక్ష్యం. మా పాపకి తొమ్మిదేళ్లు. వాళ్ల అమ్మమ్మగారిది ఆమదాలవలస. అక్కడికి దగ్గర్లోని ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి పతకం తెచ్చిన కథ ఆ అమ్మమ్మ చెప్పీ చెప్పీ పాపకి ఆటల పిచ్చి పట్టించింది. పోస్టర్లో ‘పురుషులు, మహిళలు, 16 జట్లు’ అని చూడగానే మూడు రోజులూ వెళ్దామని ఒకటే గొడవ. నేను, నాన్న, పాప, మా బామ్మర్ది, మొత్తం నలుగురం.

పోస్టర్ కింద ఒక నంబరుంది. ఫోన్ చేస్తే, గేటు దగ్గర రద్దీగా ఉంటుంది, మూడు రోజుల సీజన్ పాస్ 300కే ఇస్తున్నాం, గ్యాలరీలో కూర్చోవచ్చు అన్నారు. నలుగురికి 1200. సరేనన్నాక మెసేజ్ వచ్చింది: జీఎస్టీ 18 శాతం, 216. బుకింగ్ ఛార్జీ మనిషికి 20, మొత్తం 80. వెరసి 1496. క్యూఆర్ స్కాన్ చేస్తే కమిటీ పేరు కాదు, ఎవరో వ్యక్తి పేరొచ్చింది. అక్కడే ఆగాల్సింది. పండగ హడావిడిలో డబ్బు కట్టేశాను.

పాస్‌లు కనుమ రోజు పొద్దున చేతికొచ్చాయి. గులాబీరంగు అట్టముక్క, సగం అలికేసిన రబ్బరు స్టాంపు. నాలుగింటి మీదా ఒకటే నంబరు, 0417. నిర్వాహకుల పేరు లేదు, చిరునామా లేదు. వెనకవైపు మాత్రం ‘డబ్బు వాపసు ఇవ్వబడదు’ అని చక్కగా అచ్చు వేయించారు.

గేటు దగ్గర అసలు సంగతి తెలిసింది. 50 టికెట్ అంటే తాడు వెనకాల నిలబడి చూడ్డం. ముందు వరసలో ఉన్నవాడు పొడుగైతే మన ఖర్మ. పాస్ ఉన్నవాళ్లకి గ్యాలరీ. నాన్న మోకాలితో ఆ గ్యాలరీ ఎక్కలేడు, కుర్చీ అడిగాం. కుర్చీకి 50.

“ఏటి బాబూ, పాస్ కొన్నాం కదా, మళ్లీ కుర్చీకి డబ్బులేటి?” అన్నాడు నాన్న.

“పాస్ గ్యాలరీకి తాతా, కుర్చీకి కాదు” అన్నాడు కుర్రాడు. వాడి తప్పు లేదు, వాడికి చెప్పమన్నది వాడు చెబుతున్నాడు.

ఆ గ్యాలరీ గురించి కాస్త చెప్పాలి. సరుగుడు కర్రలు, వాటిని బిగించిన కొబ్బరి తాళ్లు, పైన బల్లలు. మూడో వరసలోకి వెళ్లి కూర్చోగానే ఎవడో పాయింటు కొట్టాడు, జనం లేచి గంతులేశారు, బల్ల నా కిందే ఒక జానెడు పక్కకి జరిగింది. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల దగ్గర గ్యాలరీ కూలి వంద మంది దాకా దెబ్బలు తిన్న వార్త గుర్తొచ్చింది. పాప చెయ్యి పట్టుకుని దిగిపోయాను. అంటే 300 పెట్టి పాస్ కొని, మళ్లీ 50 టికెట్‌వాళ్లతోనే తాడు పట్టుకుని నిలబడ్డాం. నాన్నొక్కడే కుర్చీలో రాజాలా కూర్చున్నాడు.

ఆట సంగతి నాన్నే పట్టేశాడు. పురుషుల మ్యాచ్ అంటే 20 నిమిషాల చొప్పున రెండు సగాలు. ఆయన తన పాత వాచీ చూసుకుంటూ, “పదికే ఈల ఊదేశాడ్రా” అన్నాడు. రెండో మ్యాచూ అంతే. 16 జట్లన్నారు, వచ్చినవి తొమ్మిది. మహిళల విభాగం మొత్తం కలిపి ఒక్క ప్రదర్శన మ్యాచ్, అది కూడా ముఖ్య అతిథి వచ్చినప్పుడు ఫొటోల కోసం. పాప ఆ కాసేపూ కళ్లార్పలేదు. తర్వాత “అయిపోయిందా?” అని నా వంక చూసింది.

రెండో రోజు గేటు దగ్గర ఇంకో తగాదా. మొదటి రోజు పాస్‌కి కన్నం కొట్టకుండా సగానికి చింపేశారు. చిరిగింది చెల్లదట. పావుగంట వాదించాక వదిలారు. రెండు మ్యాచ్‌లయ్యాక జనరేటర్ ఆగిపోయింది, చీకట్లో అరగంట కూర్చోబెట్టి ‘మిగతావి రేపు’ అన్నారు. రేపంటే ఫైనల్. దానికి సీజన్ పాస్ చెల్లదు! ‘ఫైనల్ స్పెషల్’ మనిషికి 150. పాస్ లీగ్ మ్యాచ్‌లకే అన్న ముక్క ఫోన్లోనూ చెప్పలేదు, అట్ట మీదా లేదు. మర్నాడు రాత్రి నాన్న మొహం, పాప మొహం చూసి వాళ్లిద్దరికీ 300 కట్టి, దింపేసి వచ్చాను. ఫైనల్ మొదలయ్యేసరికి రాత్రి 11 అయిందట.

ఇక లెక్క. పాస్‌లకి 1496. బండికి పార్కింగ్ 30, రెండు రోజులు రెండేసి బళ్లు, మూడో రోజు ఒకటి, 150. నాన్న కుర్చీకి 150. ఫైనల్‌కి 300. బయటి నీళ్లు లోపలికి రానివ్వరు, లోపల 20 బాటిల్ 30కి అమ్ముతున్నారు, నాలుగుకి 120. మొత్తం 2216. పోస్టర్లో ఉన్న 50 చొప్పున నలుగురికీ మూడు రోజులకైతే 600.

ఈ డబ్బంతా పోనీ ఆటగాళ్లకైనా దక్కిందా అంటే, టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు కలిశాడు. జట్టుకి 1500 ఎంట్రీ ఫీజు కట్టి ఆడుతున్నారట. “పన్నెండు మందిమొచ్చాం అన్నా, భోజనం టోకెన్లు ఏడే ఇచ్చారు” అన్నాడు. ఆడేది ఏడుగురే కదా అన్నారట. నాకు నా 2216 కంటే ఆ మాటే ఎక్కువ మండింది.

పండగయ్యాక కమిటీ ఆయనకి ఫోన్ చేశాను. “పండగపూట ఆటలకిచ్చిన డబ్బు సార్, డొనేషన్ అనుకోండి” అన్నాడు. అనుకుంటాను, రసీదివ్వండి అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు ట్యాక్సుల పని చేసే మా స్నేహితుణ్ణి అడిగితే తెలిసింది. ఆటల పోటీకి మనిషికి 500 లోపు టికెట్ అయితే అసలు జీఎస్టీయే లేదు. 300 పాస్ మీద 54 ఎలా వేశారు? ఒకవేళ ఎవరైనా వేస్తే జీఎస్టీ నంబరు చూపించాలి. 15 అక్షరాలుంటుంది, మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. మీ జీఎస్టీ నంబరు పంపండి, బిల్లు కావాలి అని కమిటీ ఆయనకి మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. మర్నాడు పొద్దున మాత్రం 216 రూపాయలు నా ఖాతాలో పడ్డాయి, ఒక్క మాట లేకుండా.

శివరాత్రి పోటీలకి వెళ్లేవాళ్లు వెళ్లండి, ఆడే కుర్రాళ్లు మంచివాళ్లే. ముందుగా మాత్రం డబ్బు కట్టకండి. 50కి కూర్చోవడానికుంటుందా, ఫైనల్ కలిసే ఉంటుందా, ఆట ఆగితే ఏం చేస్తారు, ఈ మూడూ ఫోన్లో కాదు, మెసేజ్‌లో అడిగి రాయించుకోండి. గేటు దగ్గర కొనుక్కుంటే నష్టమేం లేదు, మేం భయపడ్డ రద్దీ అక్కడ లేనే లేదు. ఆన్‌లైన్‌లో కట్టాల్సి వస్తే పేరు ఎవరిదొస్తుందో చూడండి, 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు దాచుకోండి. ఎంఆర్‌పీ మీద ఎక్కువ తీసుకుంటే తూనికలు కొలతల శాఖకి చెప్పొచ్చు, బాటిల్ ఫొటో తీసుకోండి, నేను తీయలేదు. పిల్లల్ని కర్రల గ్యాలరీ మాత్రం ఎక్కించకండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి నేను ఫిర్యాదు ఇచ్చాను, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరిచ్చారు. దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు లేదు. నాకింకా పాస్‌ల తాలూకు 1280 రావాలి.